సందు చివర కోహినూరు

మా వీధి మలుపులో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక ఇడ్లీ బండి ఉంది. 22 ఏళ్లుగా అక్కడే ఉంది. పొద్దున ఆరింటికి ఆవిరి లేస్తుంది, తొమ్మిదిన్నరకి పిండి అయిపోతుంది, పదింటికి బండి నడిపే పిన్ని గిన్నెలు కడిగేసుకుని ఇంటికెళ్లిపోతుంది. ఆ బండి దగ్గర తినని మనిషి మా పేటలో లేడు. ఎస్సైగారు తిన్నారు, డబ్బులివ్వకుండా. కార్పొరేటరుగారు తిన్నారు, ఎలక్షన్ల ముందు, ఫొటోగ్రాఫరుతో సహా. మా ఇంటి ఓనరుగారు తిన్నారు, నా ఖాతాలో.

ఇంత చరిత్ర ఉన్న బండిని పోయిన నెల మా మేనల్లుడు కనిపెట్టాడు.

"మావయ్యా, మీ ఇంటి పక్కనే ఒక హిడెన్ జెమ్ ఉంది, తెలుసా?" అన్నాడు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే. నాకు గుండె ఒక్క క్షణం ఆగింది. మాది అద్దె ఇల్లు. గోడలోనో గచ్చు కిందో ఏదైనా దొరికితే ఓనరుకి వాటా ఇవ్వాలా అక్కర్లేదా అని నేను లెక్కలు వేసుకుంటుండగానే వాడు ఫోను నా ముక్కు దగ్గర పెట్టాడు. అందులో మా పిన్ని. గరిటె లోంచి చట్నీ ఎంత నిదానంగా జారుతోందంటే, అది ప్లేటులో పడేలోపు నేను మంచినీళ్లు తాగి వచ్చాను. వెనకాల ఎవరో పోయినట్టు వయొలిన్. మావాడు కెమెరాలోకి చూస్తూ గొంతు తగ్గించి, "ఈ సందులో ఇలాంటిది ఒకటుందని తొంభై తొమ్మిది శాతం మందికి తెలీదు ఫ్రెండ్స్" అంటున్నాడు. వాడి భుజం వెనక కనబడుతున్న జనాన్ని లెక్కపెట్టాను. పదిహేడు మంది. అందరి చేతుల్లోనూ ప్లేట్లున్నాయి. ఆ మిగిలిన ఒక్క శాతం వీళ్లే కాబోలు.

ఈ మాటని ఇప్పుడు సాంబారు మీద కొత్తిమీర చల్లినట్టు చల్లుతున్నారు. మొన్న ఒక వెంచర్ వాళ్లు ఫోన్ చేసి, "సార్, మా సైటు హిడెన్ జెమ్ అండీ, చూసి తీరాలి" అన్నారు. వెళ్లాను. అబద్ధం చెప్పలేదు పాపం, రెండు గంటలు తిరిగినా సైటు కనబడలేదు. మా బావమరిది కూతురికి వచ్చిన సంబంధంలో మధ్యవర్తి, "కుర్రాడు హిడెన్ జెమ్ అండీ" అన్నాడు. ఏం దాచారా అని ఆరా తీస్తే, ఉద్యోగం. ఇక సినిమాల సంగతి సరేసరి. ఒకాయన 'మాయాబజార్'ని దొరకబుచ్చుకుని హిడెన్ జెమ్ అని తేల్చాడు. 1957 నుంచి తెలుగునాట ఇంటిల్లిపాదీ కూచుని చూస్తున్న సినిమా అది. అంత శరీరం వేసుకుని ఘటోత్కచుడు ఎక్కడ దాక్కున్నాడో నాకు అర్థం కాలేదు.

ఊళ్ల గతి చూడండి. చింతపల్లి మన్యంలో లంబసింగి ఉంది. చలికాలంలో తెల్లవారుజామున అక్కడ గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. ఈ సంగతి కొత్తగా ఎవరూ కనిపెట్టక్కర్లేదు. ఆ ఊరికి గిరిజనులు ఏనాడో కొర్రబయలు అని పేరు పెట్టుకున్నారు. రాత్రి బయట నిలబడితే మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం. ఒక్క మాటలో వాతావరణ సూచన, హెచ్చరిక, కవిత్వం. మనవాళ్లు పోయి ఏం చేశారు? దానికి 'ఆంధ్రా కశ్మీర్' అని పేరు పెట్టి, కనిపెట్టాం అన్నారు. ఇప్పుడు డిసెంబరు శనివారం రాత్రి ఆ ఘాట్ రోడ్డు మీద కార్ల బారు చూస్తే, మనిషి కొయ్యలా బిగుసుకుపోవడం నిజమే, కాకపోతే స్టీరింగు ముందు.

మనకో జబ్బుంది. ఏదైనా మనదే అని తెలిస్తే ఆనదు, ఇంకోళ్ల పేరు తగిలిస్తే గానీ మొహం వెలగదు. హార్స్‌లీ కొండలు ఆంధ్రా ఊటీ. ములుగు అడవిలో బొగత జలపాతం తెలంగాణ నయాగరా. గండికోట ఇండియా గ్రాండ్ క్యానియన్. ఆ పెన్నానది కొన్ని లక్షల ఏళ్లు కష్టపడి కొండని కోసింది, అమెరికావాళ్ల బ్రాంచి ఆఫీసు అనిపించుకోవడానికి. అమెరికాలో ఎవరైనా తమ లోయని చూపించి "ఇది అరిజోనా గండికోట" అని మురిసిపోయిన దాఖలా నేనైతే వినలేదు.

రామప్ప గుడి దగ్గర తీసిన ఒక వీడియో చూశాను. "ఎవరికీ తెలియని రహస్య ఆలయం" అని మొదలైంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. ఎనిమిది వందల ఏళ్ల నుంచి పాలంపేట వాళ్లు ఆ గుడి పక్కనే పుడుతున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పోతున్నారు. 2021లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా వేశారు. ఇంత జరిగినా అది రహస్యంగానే ఉందంటే, తప్పు గుడిది కాదు. 'ఎవరికీ తెలియని' అన్నచోట 'నిన్న మధ్యాహ్నం దాకా నాకు తెలియని' అని చదువుకుంటే వాక్యం చక్కగా సరిపోతుంది. పాలంపేటలో ఉన్నవాళ్లు 'ఎవరు' కిందకి రారు మరి.

మనకీ ఒక మాట ఉందండోయ్. మట్టిలో మాణిక్యం. కూలి చేసుకునేవాళ్ల పిల్ల పదో తరగతిలో జిల్లాకి మొదటగా వస్తే వాడేవాళ్లం. ఇప్పుడు పేపర్లలో తప్ప వినబడడం లేదు. ఈ రెండు మాటలూ ఒకటే కదా అని మా మేనల్లుడు వాదించాడు. కాదురా అన్నాను. మట్టిలో మాణిక్యం అన్నప్పుడు చూపు మాణిక్యం మీద ఉంటుంది, ఆ వెనక మట్టి మీదా ఉంటుంది. ఎవరు తవ్వారన్నది అక్కడ ఎవరికీ పట్టదు. హిడెన్ జెమ్ అనగానే మాత్రం ఎవడో ఒకడు నెత్తిన టార్చిలైటు కట్టుకుని గుహలోంచి బయటికొస్తున్నట్టు ఉంటుంది. చప్పట్లన్నీ వాడికే. రత్నం వాడి చేతిలో వస్తువు. పైగా ఆ రత్నం కావాలని దాక్కుందన్న నేరం కూడా దాని మీదే.

"అయితే ఇంగ్లీషు మాట తప్పంటావా?" అన్నాడు.

తప్పని ఎందుకంటాను? ఆ మాట మనకేమీ పరాయిది కాదు, మన సొమ్ముకి వాళ్లు పంపిన రసీదు. ఇంగ్లీషు నిఘంటువు తీసి 'గోల్కొండ' అన్న మాట చూడమన్నాను. ఎంత తవ్వినా తరగని ఐశ్వర్యం అని అర్థం ఉంటుంది. అమెరికాలో ఇల్లినాయిస్‌లో ఒకటి, నెవాడాలో ఒకటి గోల్కొండ అనే ఊళ్లున్నాయి. ఇంతకీ మన గోల్కొండలో వజ్రాల గని ఎప్పుడూ లేదు. గనులు కృష్ణ ఒడ్డున, రాయలసీమ ఎర్రనేలల్లో. గోల్కొండ వాటి సంత. పండించేవాడి ఊరు కాకుండా అమ్మేచోటి పేరు నిలిచిపోవడం అన్నది మామిడిపళ్లతో మొదలైన అన్యాయం కాదన్నమాట.

18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా లోకానికి పేరున్న వజ్రాలన్నీ దాదాపు మన దేశానివే. అలాంటి రోజుల్లో ఫ్రాన్సు నుంచి తావెర్నియే అనే రత్నాల వర్తకుడు వచ్చాడు. నా లెక్కలో మన దగ్గర మొట్టమొదటి ఇన్‌ఫ్లుయెన్సర్ ఆయనే. 1652లో గండికోట ఎక్కాడు. సెల్ఫీ కోసం కాదు. గోల్కొండ సుల్తాను వజీరు మీర్ జుమ్లా అప్పుడు అక్కడ మకాం వేశాడు. సుల్తానుకి ఏ రత్నం అమ్మాలన్నా ముందు ఈయన చూడాలి. ఈయనా స్వయంగా వజ్రాల వ్యాపారే, అంటే పంట కొనేవాడూ తూకం వేసేవాడూ ఒక్కడే అన్నమాట. ఇవాళ మనం సూర్యోదయం చూద్దామని టెంట్లు వేసుకునే ఆ కొండ మీద ఆ ఏడాది నిజంగానే రత్నాలు చేతులు మారడానికి బేరాలు జరిగాయి. కానీ ఒక్క వీడియోలోనూ ఈ ముక్క చెప్పరు. అక్కడ బిర్యానీ ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

ఆ తావెర్నియే కొల్లూరు గనికి కూడా వెళ్లాడు. పల్నాటివైపు, కృష్ణ ఒడ్డున. ఆడా మగా పిల్లా కలిసి 60 వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. తవ్వేది మగవాళ్లు, మట్టి మోసేది ఆడవాళ్లూ పిల్లలూ. కోహినూరు అక్కడిదే అంటారు. 1676లో పారిస్‌లో పుస్తకం అచ్చు వేసి, ఏ ఊరికి ఎన్నాళ్లు ప్రయాణం, ఎక్కడ ఏ ధర, అన్నీ చెప్పాడు. లొకేషన్ పిన్ చేయడం అంటే అదీ. పుస్తకం నిండా తావెర్నియే ఉన్నాడు, కొన్న రాజులున్నారు. ఆ 60 వేలలో ఒక్కరి పేరైనా మనదాకా రాలేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. హిడెన్ జెమ్ అనే మాటకి అక్షరాలా సరిపోయే చోటు తెలుగునేల మీద అదొక్కటే, అక్కడికి మాత్రం ఎవడూ కెమెరా పట్టుకుని వెళ్లడం లేదు. ఈత రావాలి.

కోహినూరు సంగతీ చెప్పాను మావాడికి. 1849లో పంజాబు ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయినప్పుడు లాహోరు ఒప్పందంలో ఒక షరతుగా రాయించి మరీ పట్టుకెళ్లారు, దస్తకత్ పెట్టినవాడు పదేళ్ల పసివాడు దిలీప్ సింగ్. 1851లో లండన్‌లో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి జనానికి చూపించారు. జనం విరగబడి వచ్చి చూసి, ఇంతేనా, మెరవడమే లేదే అని పెదవి విరిచారు. కామెంట్లు బాగా లేవన్నమాట. రాణీగారి భర్త చిన్నబుచ్చుకుని మరుసటి ఏడాది దాన్ని మళ్లీ సాన పట్టించాడు. 186 కారట్ల రాయి 105 చిల్లరకి దిగింది.

"ఎడిటింగ్" అన్నాడు మా మేనల్లుడు, వృత్తి గౌరవంతో.

అవును, ఎడిటింగే. చూసేవాడి కంటికి మెరవడం కోసం దాదాపు సగం తీసి పారేయడం. మన ఇడ్లీ పిన్ని జీవితంలో 22 ఏళ్లు తీసేసి, చట్నీ జారే నలభై సెకన్లు ఉంచావు చూడు, అదే పని. వాడికి కోపం వచ్చింది. "పాపం ఆవిడకి బిజినెస్ పెరిగింది కదా మావయ్యా" అన్నాడు.

పెరిగింది. కాదని అనను. మొదటివారం పిన్ని మొహం మతాబాలా వెలిగింది. రెట్టింపు పిండి రుబ్బించింది. మూడో రోజుకల్లా మాదాపూర్ నుంచి, కొంపల్లి నుంచి బైకులు దిగాయి. ఒక ప్లేటు ఇడ్లీకి ఆరుగురు, ఆరుగురికీ ఆరు ఫోన్లు. తినడానికి ముందు ప్లేటుని ట్రాన్స్‌ఫార్మర్ వైపు తిప్పి, సూర్యుడి వైపు తిప్పి, చివరికి చల్లారాక నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని తలాడిస్తారు. పిన్ని ఇడ్లీకి ఉన్న సుగుణమల్లా వేడి. అది చూడకుండా మిగతావన్నీ చూశారు. "నెయ్యి కారం ఇడ్లీ లేదా? చీజ్ లేదా?" అని అడిగారు. రెండోవారానికి పిన్ని నెయ్యి కారం ఇడ్లీ పెట్టింది. చీజ్ అంటే ఏమిటని నన్నడిగింది. చెప్పాను. "విరిగిన పాలా? దానికి డబ్బులిస్తారా?" అంది.

ఈలోగా పాత గిరాకీకి ప్లేటు దొరకడం మానేసింది. ఆటోవాళ్లు ఏడింటికి వస్తే పిండి అయిపోయింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ రెండిడ్లీలు పొట్లం కట్టించుకుని నిద్రకి పోయేవాడు, ఇప్పుడు ఉత్త టీ తాగి పోతున్నాడు. ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు క్యూ చూసి మళ్లిపోతున్నారు. 22 ఏళ్లు ఆ ఇడ్లీలు తిని బలిసిన మా కాలనీ సంఘం పెద్దలు, నాతో సహా, బైకులు గేటుకి అడ్డంగా పెడుతున్నారని అర్జీ రాశారు. సంతకం పెట్టమంటే నేను పెన్నులో ఇంకు లేదన్నాను. ఇంకొకాయన పెన్నిచ్చాడు. పెట్టాను. ఇంతకన్నా నన్ను నేను సమర్థించుకోలేను.

ఒకరోజు పొద్దున మున్సిపాలిటీ లారీ వచ్చింది. బండి ఎక్కించుకుపోయింది. ఇన్నేళ్లూ వాళ్ల కళ్లకి కూడా పిన్ని హిడెన్ అన్నమాట, వీడియో చూశాక కనబడింది. జరిమానా కట్టి బండి విడిపించుకొచ్చేసరికి రెండు వారాల సంపాదన పోయింది. నేను పరామర్శకి వెళ్తే పిన్ని గుమ్మంలో కూచుని పప్పు ఏరుతోంది. వీడియో సంగతి మాటల్లో వచ్చింది.

"ఆ అబ్బాయి దాక్కుంది దాక్కుంది అంటడేంది సారూ? నేనేం దొంగతనం జేసిన్నా? రోడ్డు మీదనే ఉన్నగా."

ఆ అబ్బాయి మా మేనల్లుడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాలుగు రోజులకి వాడే వచ్చాడు. కొత్త హిడెన్ జెమ్ కావాలి, వారానికి రెండు పెట్టకపోతే లెక్కలు పడిపోతాయట. ఇడ్లీ బండ్లు అయిపోయాయి, గుళ్లు అయిపోయాయి, జలపాతాలు వానలొస్తే గానీ లేవు. "అసలు రత్నాలే చూపించొచ్చు కదరా, ఇది జూన్ నెల, జొన్నగిరి పో" అన్నాను. నా మాటలో వెటకారం వాడికి అందలేదు. గూగుల్ మ్యాపులో వెతకడం మొదలుపెట్టాడు.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర పక్క పల్లెల్లో తొలకరి పడగానే జనం పొలాల మీద పడతారు. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్లు తేలతాయి, వాటిలో ఎక్కడో ఒకటి వజ్రం కావచ్చు. యంత్రాల్లేవు, జల్లెళ్లు కూడా తక్కువే. ఉన్నవి నడుమూ కళ్లూ. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ నడుం వంచి, చూపు నేలకి అతికించి, అడుగులో అడుగు వేసుకుంటూ పోతారు. ఎక్కడో తళుక్కుమంటుంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు గాజుపెంకో చకుముకి రాయో. అనంతపురం నుంచి, బళ్లారి నుంచి కూడా వస్తారు, చెట్ల కింద వండుకుని తింటారు. విత్తనం వేసుకున్న రైతులు మా పొలం తొక్కొద్దు మొర్రో అంటారు. రైతుకి మొలక రత్నం, వాళ్లకి రాయి. ఎవరినీ తప్పు పట్టలేం.

నాకు ఆ ఊళ్లలో నచ్చిన సంగతి వేరే ఉంది. అక్కడ ఎవరికైనా నిజంగా రాయి దొరికిందనుకోండి, "హిడెన్ జెమ్ ఫ్రెండ్స్" అని కేక వెయ్యరు. చీర కొంగులోనో లుంగీ మడతలోనో దోపుకుని, కాసేపు ఇంకా వెతుకుతున్నట్టే నటించి, తలనొప్పిగా ఉందని ఇంటికి పోతారు. చీకటి పడ్డాక వ్యాపారి మనిషి వస్తాడు. తలుపేసి బేరం. ఇంత నగదు, ఇన్ని తులాల బంగారం. పక్కింటివాళ్లకి తెల్లారాక గానీ తెలీదు, మర్నాడు పేపర్లో 'ఓ కూలీకి' అని వస్తుంది తప్ప పేరు రాదు. రత్నం దొరికినవాడు నోరు కుట్టేసుకోవడం, ఏమీ దొరకనివాడు మైకు పట్టుకోవడం. బహుశా తేడా తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు.

మా మేనల్లుడు వెళ్లాడు. రాత్రి బస్సెక్కి, గుత్తిలో దిగి, ఆటో కట్టించుకుని, తెల్లవారేసరికి జొన్నగిరి పొలంలో ఉన్నాడు. స్టాండు, మైకు, బొచ్చు తొడుగుతో సహా. నాకు తరవాత వీడియో చూపించాడు, పోస్ట్ చెయ్యనిది. వాడు ఎర్రమట్టి గట్టు మీద నిలబడి, సూర్యుడు వెనక పడేట్టు చూసుకుని, "ఫ్రెండ్స్, ఈ ప్లేస్ గురించి తొంభై తొమ్మిది శాతం మందికి" అని ఎత్తుకున్నాడు. వెనకాల పొలం నిండా జనమే, బారులు తీరి, అందరూ నేల చూపులే. ఒక్కరూ కెమెరా వైపు చూడలేదు. వాడి కాళ్ల దగ్గరే ఒక ముసలావిడ గొంతుకూచుని చేత్తో మట్టి కెలుకుతోంది.

వాడి మాట ఇంకా శాతం దగ్గరే ఉంది. ఆవిడ తలెత్తలేదు, చెయ్యి మాత్రం పక్కకి విసిరింది.

"ఓ నాయినా, రోంత అవతలకి జరుగు. నీ నీడ పడ్తాంది. రాయి కనపల్లే."